ప్లాస్టిక్ అనిపించుకున్న తెల్ల పువ్వు

ఇన్నేళ్ళుగా నేను అడుగుతున్నది ఒకే ఒక్క మాట. దానికి ఇంతవరకూ జవాబు రాలేదు. వినపడలేదేమో అనుకుని మళ్ళీ అడిగాను. పనిలో ఉన్నారేమో అనుకుని ఆగి అడిగాను. నలుగురిలో అడగడం మర్యాద కాదేమోనని పక్కకు పిలిచాను. పిలిస్తే రాలేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళు "ఇంకా అదే పట్టుకుని కూర్చున్నారా" అని నవ్వుతారు. అవును, అదే పట్టుకుని కూర్చున్నాను. వదిలేస్తే అది నిజం కాకుండా పోతుంది. అందుకే ఇప్పుడు రాసి పెడుతున్నాను. నోటిమాటను మ్యూట్ చెయ్యగలిగారు కానీ, రాసిన మాటను ఎలా చేస్తారో చూస్తాను.

గొడవంతా ఒక తెల్ల పువ్వు గురించి.

మేముండేది అబూధాబీలో, మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో. ఒక పెద్ద విల్లాను వాటాలు చేసి అద్దెకిచ్చారు, కింది వాటా మాది. మా ఆవిడ ఆస్పత్రిలో నర్సు. నేను ముసఫ్ఫాలో ఒక వర్క్‌షాపుకు స్టోర్ కీపర్ని. ఇద్దరిదీ కోనసీమే. 2020లో విమానాలు ఆగిపోబోయే ముందు, ఆమె వార్డులో ఉన్న ఒక విదేశీ పెద్దావిడ తమ దేశం వెళ్ళిపోతూ మంచం పక్కనున్న పూలకుండీని నర్సులకు వదిలేసింది. గదికి నలుగురైదుగురు సర్దుకుని ఉండే నర్సు పిల్లలు దాన్ని ఎక్కడ పెట్టుకుంటారు? మా ఆవిడ ఇంటికి తెచ్చింది. మోకాలెత్తు కూడా లేని పొద. ఆకు కనపడకుండా తెల్లగా విరగబూసి ఉంది. కుండీకి గుచ్చిన చీటీ మీద రోడోడెండ్రాన్ అని ఉంది. చలికొండల మీద చెట్లంతేసి పెరిగే పూల కుటుంబం అది. అందులో ఇది కుండీల్లో పెంచే పొట్టి రకమని తర్వాత తెలిసింది. పూల దుకాణాల్లో దీన్ని అజేలియా అంటారు. నేను మాత్రం చీటీ మీదున్న పేరుతోనే పిలుస్తాను. అసలు పేరు ఉండగా దుకాణం పెట్టిన పేరు నాకెందుకు?

ఆ ఏడు ఈస్టర్‌కు చర్చిలన్నీ మూసి ఉన్నాయి. మా తెలుగు సంఘం ఆరాధన ఫోన్లలో జరిగింది. ఈస్టర్ రోజున బల్ల మీద తెల్ల పువ్వులు ఉండాలన్నది మావాళ్ళకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు. మా ఊళ్ళో అయితే ముందురోజే ఇళ్ళ వెంట తిరిగి దొరికిన తెల్ల పువ్వల్లా కోసుకొచ్చేవాళ్ళం. ఇక్కడ ఆ రోజున ఎవరింట్లోనూ పువ్వు లేదు, దుకాణాలకు వెళ్ళే దారీ లేదు. మా ఇంట్లో ఉంది. నేను తెల్ల దుప్పటి పరిచి, కుండీని మా వెనకాల అందరికీ కనపడేట్టు పెట్టాను. మా ఆవిడ రాత్రి డ్యూటీ చేసి వచ్చి, నిద్ర మానుకుని, చీర కట్టుకుని నా పక్కన కూర్చుంది. ముఖం మీద మాస్కు గీతలు ఇంకా పోలేదు.

ఆ మీటింగు నడిపించింది మా సంఘ పెద్ద. గుంటూరు వైపు మనిషి, మంచి గొంతు, ఆఫీసులో పెద్ద ఉద్యోగం. ప్రార్థన మొదలుపెట్టబోతూ తెరమీద ఒక్కొక్కరినీ పలకరించారు. మా దగ్గరికి వచ్చేసరికి ఆగి నవ్వారు.

"వెనకాల ప్లాస్టిక్ పువ్వులు బాగా సెట్ చేశారు బ్రదర్. ఏ షాపులో పట్టారు?"

తెర నిండా ఉన్న చిన్న చిన్న గళ్ళలో అందరూ నవ్వారు. "ప్లాస్టిక్ కాదండీ" అన్నాను. నా పెదాలు కదలడమే కనపడి ఉంటుంది. అప్పటికే ఆయన నన్ను మ్యూట్ చేసేశారు. నేను వెనక్కి తిరిగి కుండీ ఎత్తి కెమెరాకు ఆనించి పట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళిపోయారు. ప్రార్థన అయ్యేదాకా నేనలాగే పట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ నా చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది.

పూలు చూసి పొరబడ్డారంటే సరే అనుకుందును. జవాబు చెప్పబోతుంటే నోరు మూయించడమేమిటి? ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈ మొక్కను బతికిస్తాను. చర్చి తెరిచిన తర్వాత ఒక ఈస్టర్‌కు ఆయన నిలబడే బల్ల మీదే పెడతాను. ఇది బతికున్న పువ్వని అదే నోటితో, అదే జనం ముందు అనిపిస్తాను.

మొక్కల దుకాణంలో పఠాన్ నా మాటలు విని జాలిపడ్డాడు. ఇది ఒక్కసారి పూసే సరుకు, పువ్వు అయిపోతే చెత్తడబ్బాలో వెయ్యడమే, ఇక్కడి ఎండాకాలం దాటిన దాన్ని ఇంతవరకూ చూడలేదని హిందీలో చెప్పి, బోగన్‌విల్లా కొనుక్కోమన్నాడు. బోగన్‌విల్లా ఎవరైనా పెంచుతారు.

మా విల్లాకు ఉత్తరాన ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య ఒక సందు ఉంది. మనిషి పక్కకు తిరగకుండా నడవగలిగినంత వెడల్పు. పై వాటాల ఏసీల నీళ్ళన్నీ అక్కడే కారతాయి. చలికాలమంతా దాంట్లోకి ఎండ రాదు. పాత పరుపులూ, విరిగిన సైకిళ్ళూ పడేసే ఆ చోటును నేను తోట చేద్దామనుకున్నాను. వాచ్‌మన్‌ను అడిగితే ముదీర్‌ను అడగమన్నాడు. ముదీర్ అంటే అద్దెలు వసూలు చేసే మేనేజరు. ఆయన ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. అలాంటి జవాబులు నాకు అలవాటే కనుక నేనే పరుపులు తీయించి, పైన ఆకుపచ్చ నీడవల కట్టాను.

మొదట్లో కుళాయి నీళ్ళే పోశాను. పూలు అయిపోయాయి, కొత్త చిగురు వచ్చింది, చూస్తుండగా చిగురు పసుపుపచ్చగా పాలిపోయింది. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. అదే సందులో ఒక ఏసీ గొట్టం కింద, ఎవరో పడేసిన టమాటా నుంచి మొలిచిన మొక్క ముదురాకుపచ్చగా, బలంగా ఉంది. దానికి ఎవరూ ఏమీ వెయ్యలేదు. ఏసీ నీళ్ళు తప్ప ఇంకేమీ అందలేదు. అప్పుడు వెలిగింది. ఈ మొక్కకు పులుపు నేల కావాలి, సున్నం ఉన్న నీళ్ళు గిట్టవు. కుళాయిలో వచ్చేది సముద్రపు నీటిని శుద్ధి చేసి, మళ్ళీ సున్నపు గుణం కలిపిన నీరు. ఏసీ నుంచి కారేది గాల్లోంచి దిగిన వట్టి నీరు, వాననీళ్ళతో సమానం. వాన పడని ఊళ్ళో ప్రతి గోడ నుంచీ వాననీళ్ళు కారుతుంటే అందరూ తిట్టుకుంటూ తప్పుకుని నడుస్తున్నారు.

గొట్టాలన్నిటికీ పైపులు తగిలించి డ్రమ్ముల్లోకి దించాను. చలికాలంలో ఏసీలు నడవవు, నీళ్ళు రావు. కాబట్టి ఉక్కపోత నెలల్లోనే నింపి, దోమలు చేరకుండా మూతలు బిగించి దాచుకోవాలి. పాత మట్టి మొత్తం దులిపేసి పీట్ అనే పులుపు నాచుమట్టి, చెక్కబెరడు కలిపి నింపాను. వేళ్ళు వెంట్రుకల్లా సన్నగా, పైపైనే ఉంటాయి. లోతుగా పాతితే ఊపిరాడదు, ఎండనిస్తే తిరిగి లేవదు. వేలు పెట్టి చూసి తడి ఆరబోతుందనగా పొయ్యాలి. పై వాటా వాళ్ళు చూసి, ఏసీ నీళ్ళు పట్టుకుని ఏం చేస్తాడీయన, తాగుతాడా అని అడిగారట. అడిగినవాడు ఎవడో నాకు తెలుసు.

ఎండాకాలం వేరే పోరాటం. మే నెల నుంచి ఆ సందులో గాలే కాల్చేస్తుంది. నీడ ఉన్నా లాభం లేదు. కుండీని పడగ్గదిలో ఉత్తరపు కిటికీ దగ్గరికి చేర్చాను. ఏసీ గాలి సూటిగా తగలకుండా అట్టముక్క అడ్డం పెట్టాను. రాత్రి డ్యూటీ చేసి వచ్చే మా ఆవిడకు పగలు చీకటి కావాలి, మొక్కకు వెలుతురు కావాలి. కొన్నాళ్ళు కిటికీ తెర గురించి మాకు మాటల్లేవు. చివరికి కిటికీకీ మంచానికీ మధ్య ఇంకో తెర కట్టాం. ఈ గదిలో తనకంటే దానికే ఎక్కువ చోటుందని ఆమె ఇప్పటికీ అంటుంది. అబద్ధం కాదు.

తర్వాతి ఏడు పువ్వు రాలేదు. శీతాకాలం ముందు కొమ్మలు కత్తిరించమని ఒక వీడియోలో చెబితే కత్తిరించాను. ఎండాకాలం చివర్లోనే కొమ్మ కొసల్లో మొగ్గలు కట్టేస్తాయని, పూత అయిన వెంటనే తప్ప ఇంకెప్పుడూ కత్తెర పెట్టకూడదని ఆ వీడియోవాడు చెప్పలేదు. కింద కామెంట్లు పెట్టాను. వాడూ జవాబివ్వలేదు. కత్తిరించిన కొమ్మల్లో కొన్నిటిని ఇసుకా పీటూ కలిపిన గ్లాసుల్లో గుచ్చి ప్లాస్టిక్ సంచులు కప్పాను. సగం కుళ్ళాయి. మిగతావి నింపాదిగా, ఎవరికీ భయపడకుండా వేళ్ళు పెట్టాయి.

ఆ పై చలికాలం సందులోని చల్లటి రాత్రులు మొగ్గలకు సరిపడ్డాయి. పూత వచ్చింది. చర్చి కూడా తెరిచారు. మాకు దొరికిన హాల్లో అనేక భాషలవాళ్ళు వంతులవారీగా ఆరాధన చేసుకుంటారు. ఒకరి పాట అయ్యేసరికి ఇంకొకరు గుమ్మంలో నిలబడి ఉంటారు. నేను పెద్దగారి దగ్గరికి వెళ్ళి ఈస్టర్ బల్లకు తెల్ల పువ్వులు నేను తెస్తానన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేశారు.

"మన టైం అయిపోగానే వేరేవాళ్ళు వస్తారు బ్రదర్. మట్టీ, నీళ్ళూ, రాలిన చెత్తా ఎవరు ఊడుస్తారు? కమిటీ ఆర్టిఫిషియల్ పూల ఆర్చ్ కొనేసింది. ఖలాస్."

అది సరే, నా పువ్వును ఆ రోజు ప్లాస్టిక్ అన్నారు కదా, అది గుర్తుందా అని అడిగాను. ఆయన నవ్వి, "మీరు భలేవారు బ్రదర్" అని పక్కవారితో కరచాలనానికి వెళ్ళిపోయారు. భలేవారు అనేది జవాబు కాదు.

ఆ ఈస్టర్‌కు ఆయన వెనక ప్లాస్టిక్ ఆర్చ్ నిలబడింది. పాలకన్నా తెల్లగా, దుమ్ము లేకుండా. నా పువ్వు ఇంట్లో కిటికీ దగ్గర పూసి, ఎవరూ చూడకుండానే రాలిపోయింది.

ఆయన మర్చిపోయి ఉంటారు, మీరూ మర్చిపోండి అని మా ఆవిడ అంది. మర్చిపోయినవాడికి గుర్తుచెయ్యాలంటే ఒక్కడైనా గుర్తుపెట్టుకోవాలి కదా. ఆ పని నాకు వచ్చింది.

ఒక డిసెంబరులో క్రిస్మస్‌కు ఊరికి వెళ్ళాం. అప్పటికి సందులో వరసగా కుండీలున్నాయి, తల్లి మొక్క, దాని పిల్లలు. వాటిని పై వాటాలో ఉండే పిన్నిగారికి అప్పగించాను. రాజోలు దగ్గర మనిషి. ఒక అరబ్బు ఇంట్లో వంట చేస్తుంది, ఇంకొందరు ఆడవాళ్ళతో కలిసి గది తీసుకుంది. మాకు ఏ చుట్టరికమూ లేదు, పిలుపు మాత్రం పిన్నిగారు. డ్రమ్ములో నీళ్ళు తప్ప ఇంకేమీ పొయ్యొద్దని చెప్పాను. తిరిగొచ్చేసరికి సందు నేలంతా ముగ్గులు. విల్లా గేటు ముందు వెయ్యనివ్వరని, ధనుర్మాసమంతా ఆవిడ నా సందులోనే వేసుకుంది. ముగ్గులు అందంగానే ఉన్నాయి. కుండీల్లో ఆకులు మాత్రం మళ్ళీ పాలిపోయి ఉన్నాయి, ఈనెలు ఒక్కటే ఆకుపచ్చ. మట్టి మీద తెల్లటి పొడి.

"చీమలట్టకుండా మిగిలిన ముగ్గు చుట్టూ చల్లేనండి బాబూ. గుడ్డు పెంకులు కూడా నూరి పోసేను. మా గులాబీలకి అదే బలం, ఆయ్."

"ముగ్గంటే సున్నపురాయి, పెంకులంటే సున్నం. దీనికి సున్నం విషం పిన్నిగారూ."

"సున్నం లేందే తాంబూలమే పండదు. మీ పువ్వుకేంటండి అంత అలక?"

నేను గట్టిగానే అరిచాను. ఆవిడ ఒక్క మాట కూడా పడలేదు. నెల రోజులు పొద్దున్నే పనిలోకి పోయేముందు నీళ్ళు మోసింది ఎవరనుకుంటున్నారని అడిగింది. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని ఒక్కో కుండీ తిరగేశాం. పైపొర తీసేశాం, కొత్త పీట్ నింపాం, డ్రమ్ముల్లో మిగిలిన ఏసీ నీళ్ళతో మట్టిని మళ్ళీ మళ్ళీ కడిగాం. మొక్కల మందుల కొట్లో దొరికే ఇనుము మందు కలిపి పోశాను. ఆవిడ కాళ్ళు బారజాపుకుని వేళ్ళ మధ్య మట్టి విదిలిస్తూ అడిగింది.

"ఒక మాట అడగనా బాబూ. మీరు పెంచేది పువ్వునా, పంతాన్నా?"

"రెండూ ఒక్క కుండీలోనే ఉన్నాయి పిన్నిగారూ."

"మరి నీళ్ళు దేనికి పోత్తన్నారో చూసుకోండి."

ఆవిడ అన్నది నేను మర్చిపోలేదు. ఎవరు ఏమన్నా మర్చిపోను, అందులో ఇదీ ఒకటి. నా జవాబు ఇది: పంతం లేకపోతే ఈ మొక్క మొదటి జూన్‌లోనే చెత్తడబ్బాలో ఉండేది. ప్రేమ ఉన్నవాళ్ళు చాలామంది బోగన్‌విల్లా కొనుక్కున్నారు. ఆ ఏడు చిన్నవి రెండు చనిపోయాయి. తల్లి మొక్క చావలేదు. పిన్నిగారు అప్పటి నుంచి ముగ్గును సందు మొదట్లోనే, కుండీలకు దూరంగా వేస్తుంది. వేస్తూ వేస్తూ నా వైపు చూసి, చెయ్యి దులిపి చూపిస్తుంది.

మొన్నటి ఈస్టర్ దగ్గరికి వస్తాను.

ఈస్టర్ ఏటా ఒకే తేదీన రాదు, మొక్కకు క్యాలెండరు తెలియదు. తొందరగా విచ్చుకునేట్టు కనపడితే మొగ్గలున్న కుండీలను పడగ్గదిలోకి తెచ్చి ఏసీ బాగా చల్లగా పెట్టేవాణ్ణి, మా ఆవిడ రెండు దుప్పట్లు కప్పుకునేది. ఆలస్యమయ్యేట్టుంటే సందులో పగటి వెచ్చదనంలో ఉంచేవాణ్ణి. అలా పువ్వును ఏటా ఆ ఆదివారానికి సిద్ధం చేస్తూనే ఉన్నాను, ఎవరూ అడగకపోయినా.

ముందురోజు సాయంత్రం హాలు సర్దడానికి వెళ్ళిన ఆడవాళ్ళు ఆర్చ్‌ను బయటికి తీశారు. ఏడాదంతా దాన్ని కమిటీలో ఎవరిదో బాల్కనీలో నిలబెట్టారట. ఈ ఊరి ఎండ సంగతి తెలిసిందే. తెల్ల ప్లాస్టిక్ పాత పళ్ళలా పసుపెక్కింది. విప్పుతుంటే రేకులు అప్పడాల్లా విరిగి చేతుల్లోకి వచ్చాయి. ఆ వేళకు ఎక్కడికి పరిగెత్తి ఏం తెస్తారు? అక్కడున్న మా ఆవిడ, మా ఇంట్లో ఉన్నాయి అని ఒక్క మాట అంది. పెద్దగారు తెమ్మని కబురు పెట్టారు. మా ఆవిడతో పెట్టారు. నా ఫోన్ నంబరు ఆయన దగ్గర ఉంది.

పొద్దున్నే కారులో ఏసీ పెట్టి కుండీలు ఎక్కించాం. వెనక సీటులో తల్లి కుండీని ఒళ్ళో పెట్టుకుని పిన్నిగారు కూర్చుంది. ఆవిడ మా మతం కాదు. నేను పెంచేనండి, నేనే దింపుతాను అంది. హాల్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి కుండీలు పెట్టాం. కిటికీలోంచి వెలుతురు వాటి మీద పడింది. ఆ తెలుపు గురించి నేను వర్ణించను. నేను చెబితే గొప్ప అంటారు. ముందు వరసలో చిన్నపిల్లలు మెడలు సాచి చూశారు, అది రాస్తే చాలు.

ఈ పువ్వు రేకు రేకుగా రాలదు. పువ్వు మొత్తం గంటలా ఊడి జారి పడుతుంది. పాట మధ్యలో ఒకటి జారి బైబిల్ పక్కన పడింది. కాసేపటికి ఇంకొకటి. పాట అయ్యాక పెద్దగారు బల్ల దగ్గరికి వచ్చి, నా వైపు వంగి మెల్లగా అన్నారు.

"రాలుతున్నాయి బ్రదర్, కొంచెం చూసుకోండి."

నేను ఎదురుచూసిన క్షణం అదే. మెల్లగా మాట్లాడలేదు.

"ప్లాస్టిక్ పువ్వు రాలుతుందా అండీ?"

ముందు వరసలన్నీ విన్నాయి. ఆయన రాలిన పువ్వు వైపు చూశారు. తర్వాత అదే నవ్వు.

"రాలకేం బ్రదర్. నిన్న మన ఆర్చ్ రాల్లేదా?"

అందరూ నవ్వారు. ఆ మొదటి ఈస్టర్ నవ్వే, ఈసారి గళ్ళలో కాదు, ఎదురుగా. మా ఆవిడ కూడా నవ్వింది, అది వేరే లెక్క. నేను నోరు తెరిచేలోగా కీబోర్డు మోగింది, ఆయన మైకు అందుకున్నారు.

ఆరాధన అయ్యాక వంతు కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. మావాళ్ళు కుర్చీలు సర్దుతున్నారు. నేను కారును హాలు వెనక్కి తెచ్చి పక్క తలుపు నుంచి లోపలికి వస్తున్నాను. పెద్దగారు బల్ల దగ్గర ఒక్కరే ఉన్నారు. అటూ ఇటూ చూశారు. వంగి, తల్లి మొక్కకు ఉన్న ఒక పువ్వును వేళ్ళ మధ్య పట్టుకుని రేకును గోటితో గిల్లి చూశారు. గిల్లిన వేళ్ళను వాసన చూసుకున్నారు. తర్వాత ఆ చేతిని జేబులో పెట్టుకుని, రాలిన పువ్వులు ఏరడానికి అప్పుడే వచ్చిన పిన్నిగారికి నమస్కారం చెప్పి బయటికి నడిచారు.

ఇంటికి వచ్చేసరికి ఆ రేకు మీద నెలవంకలా గోటి గుర్తు గోధుమరంగుకు తిరిగింది. ప్లాస్టిక్ మీద గోరు గుచ్చితే సొట్ట పడుతుంది కానీ రంగు మారదు. మా ఆవిడకు చూపించాను. ఇంకేం కావాలి, తెలుసుకున్నారు కదా, ఇక చాలు అంది. పిన్నిగారు మాత్రం ఆ గుర్తు మీద వేలు పెట్టి, "పాపం, మనసులో పీకినట్టుంది" అంది. ఎవరి గురించి అందో అడగలేదు.

చాలదు. తెలుసుకుంటే సరిపోదు. ప్లాస్టిక్ అన్నది నలుగురిలో. నోరు మూయించింది నలుగురిలో. పువ్వని తెలుసుకున్నది మాత్రం ఎవరూ లేనప్పుడా?

అయ్యా పెద్దగారూ, గిల్లి చూసింది మీరు, గిల్లుతుండగా చూసింది నేను. తల్లి మొక్క ఈ ఏడు కూడా ఎండాకాలం దాటుతుంది. వచ్చే ఈస్టర్‌కు మళ్ళీ అదే బల్ల మీద ఉంటుంది, ఆర్చ్ కొన్నా సరే, కొనకపోయినా సరే. చెత్త నేనే ఊడుస్తాను, తడి నేనే తుడుస్తాను, వేరేవాళ్ళ వంతు ఒక్క నిమిషం కూడా ఆలస్యం కానివ్వను. మిమ్మల్ని క్షమాపణ అడగడం లేదు. మైకు మీ చేతిలోనే ఉంచుకోండి. అందరూ కూర్చున్నాక, పాట మొదలుపెట్టకముందు, నా వైపు చూసి ఒక్క మాట చెప్పండి. నా వెనక ఆ రోజు ఉన్నది ప్లాస్టిక్కా, పువ్వా?